పేరుకు ముందు, పేరుకు వెనక

మా పెనుకొండ సీమలో మొన్నమొన్నటి దాకా పేరు వింటే చాలు, మనిషి ఆడో మగో తెలిసిపోయేది. నంజప్ప, నంజమ్మ. గంగప్ప, గంగమ్మ. ముత్యాలప్ప, ముత్యాలమ్మ. దేవుడు ఒకరే, తోక వేరు. నేను దస్తావేజులు రాసి బతికినవాణ్ణి. ఎర్రమంచి చుట్టుపక్కల చేలకు క్రయపత్రాలు రాసేటప్పుడు ఈ అప్పలూ అమ్మలే నాకు సగం పని తప్పించేవాళ్ళు. చెదలు కొట్టిన పాత కాగితంలో పేరు చివరి అక్షరం ఒక్కటి దక్కినా, పక్కన కుమారుడని రాయాలో కుమార్తె అని రాయాలో ఎవరినీ అడగక్కర్లేదు.

ఎదుట లేని మనిషి గురించి మాట్లాడేటప్పుడూ ఇదే ఏర్పాటు. కోస్తావాళ్ళు ఆయన, ఆవిడ అంటారు. మేం ఆయప్ప, ఆయమ్మ అంటాం. అంటే పేరు చివర ఉన్నదే సర్వనామం చివరా ఉంది. ఒకటి పోతే రెండోది ఆదుకుంటుంది.

ఈ అప్ప, అమ్మ మా పిల్లల తరంలో ఊడిపోయాయి. పుట్టపర్తి పక్కనే ఉండటంతో ఇక్కడ సాయి, సత్య అన్న పేర్లు ఇంటింటా ఉంటాయి. ఆడపిల్లకూ అదే, మగపిల్లాడికీ అదే. ఊళ్ళో ఉన్నంతకాలం చిక్కు లేదు, అందరూ అందరికీ ఎరుకే. చిక్కు కార్ల ఫ్యాక్టరీతో వచ్చింది. 2017 ఏప్రిల్‌లో కొరియాకు చెందిన కియా కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. 536 ఎకరాల్లో ఎర్రమంచి దగ్గర ఫ్యాక్టరీ లేచింది. 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ కారు బయటికొచ్చింది. ఆ వెనకే విడిభాగాల కంపెనీలు వచ్చాయి. మా అన్న కూతురు అలాంటి ఒక కంపెనీలో ఉద్యోగం చేస్తుంది. ఆ పిల్ల పేరులో సాయి ఉంది, సత్య ఉంది, అమ్మ లేదు. ముఖం చూడనివాళ్ళంతా మెయిల్‌లో మిస్టర్ అనే రాస్తారట. "నన్ను చూడకుండానే మగోణ్ణి చేసేస్తాండారు చిన్నాయనా" అని నవ్వి, లింక్డ్‌ఇన్‌లో తన పేరు పక్కన షీ, హర్ అని పెట్టుకుంది.

సర్వనామం రాసుకునే ఆ గడి ఇలాంటి సైట్లలోకి వచ్చి ఎంతో కాలం కాలేదు. ఫేస్‌బుక్ 2014 ఫిబ్రవరిలో అమెరికాలో మొదలుపెట్టింది. లింక్డ్‌ఇన్, ఇన్‌స్టాగ్రామ్ 2021లో తెచ్చాయి. ఇదేం పోకడ అని మా ఈడువాళ్ళు ఎగతాళి చేస్తారు. ఎగతాళి చేసే ముందు ఇంట్లో ఉన్న పెళ్ళిపత్రిక తీసి చూడాలి. వరుడి పేరు ముందు చి॥, వధువు పేరు ముందు చి॥ల॥సౌ॥. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో సర్కారు ఉత్తరంలో మగవాడి పేరు ముందు మ॥రా॥రా॥శ్రీ, వెనక గారు. మొగుడు పోయిన ఆడమనిషికి ఉత్తరం రాస్తే గం॥భా॥, గంగాభాగీరథీ సమానురాలని. ఎంత పవిత్రంగా చెప్పినా, కవరు పట్టుకున్న పోస్టుమానుకు కూడా ఆమె ముత్తైదువ కాదని చాటే ముద్రే అది. ఆమెను అడిగి పెట్టింది కాదు. మా పిల్ల పెట్టుకున్న షీ, హర్‌కూ దీనికీ తేడా అక్కడే ఉంది: ఇది ఎవరిది వాళ్ళు రాసుకునేది.

తెలుగులో రాసుకోవాలంటే మాత్రం సర్వనామం ఒక్కటే చాలదు. చిన్నయ సూరి 1858 నాటి బాలవ్యాకరణంలో మహత్తు, మహతి, అమహత్తు అని విడగొట్టిన సంగతి బళ్ళో చదివాం. ఏకవచనంలో మగవాడిది వేరే దారి. ఆడమనిషికి, గొడ్డుకు ఒకటే క్రియ: ఆయమ్మ వచ్చింది, ఎనుము వచ్చింది. తను అనే మాటకు ఆడ, మగ లేదు కదా అనుకుంటే, ఆ వెనక వచ్చే క్రియ గుట్టు విప్పేస్తుంది, వచ్చాడనో వచ్చిందనో. వారు అంటే గొడవే లేదు, బహువచనంలో మనుషులంతా ఒకటే. కానీ స్నేహితుణ్ణి వారు అని ఎవరంటారు?

దస్తావేజుకు ఈ బాధ లేదు. అందులో అమ్మేవాళ్ళు నేను, కొనేవాళ్ళు మీరు. పై వరుసలో రాయించుకున్నవారు, రాసి ఇచ్చినవారు. కొరియావాళ్ళ ఆఫీసుల్లోనూ ఇలాంటి సుఖమే ఉంది. హోదా చెప్పి చివర నిమ్ అని తగిలిస్తారు. ఆడైనా మగైనా అదే, మన గారు లాగే.

ఆడ, మగ అన్న రెండు దారుల్లో ఇమడనివాళ్ళూ మా వైపు ఉన్నారు. 1882 దాకా మా పాత అనంతపురం జిల్లా బళ్ళారి జిల్లాలో భాగం. ఆ బళ్ళారి సీమలో, దాని అంచుల్లో ఎల్లమ్మ కొలుపు చేసే జోగప్పలు ఉన్నారు. చీర కట్టుకుంటారు, పిలుపులో అప్ప ఉంటుంది. ఆ సీమకు చెందిన మంజమ్మ జోగతికి 2021లో పద్మశ్రీ ఇచ్చారు. పేరులోనే అమ్మ ఉంది, ఇక వేరే సర్వనామం ఎందుకు? మనిషి తనెవరో తనే చెప్పుకోవచ్చని రాజ్యానికి తెలియడానికి చాలాకాలం పట్టింది. నిజాం రాజ్యంలో 1919 నాటి చట్టం ఇలాంటివాళ్ళ పేర్లు రిజిస్టరుకెక్కించమంది. తెలంగాణ హైకోర్టు 2023లో దాన్ని కొట్టేసింది. ఓటర్ల జాబితాలో ఇతరులు అనే మాట 2009లో వచ్చింది. ఎవరి లింగం వాళ్ళే చెప్పుకోవచ్చని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న చెప్పింది. ట్రాన్స్‌జెండర్ల కోసం 2019 చట్టం వచ్చి, కలెక్టరు సర్టిఫికెట్ కావాలని మళ్ళీ మెలిక పెట్టింది.

నేను పని మానేసే ముందు ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ రెండు సెంట్ల స్థలం కొనుక్కుంది. ఆధార్‌లో పేరు చివర అమ్మ ఉంది, లింగం దగ్గర పేచీ రాలేదు. పేచీ అంతా తండ్రి లేదా భర్త పేరు దగ్గర. "ఇంట్లోంచి తరిమిన నాయిన పేరు నా జాగాకు ఎందుకప్పా? మా గురువు పేరు రాయి" అంది. ఓటరు నమోదు ఫారం 6లో ట్రాన్స్‌జెండర్లు తండ్రి పేరు బదులు గురువు పేరు రాసుకునే వీలుంది. మా దగ్గర ఆధార్‌లో ఎలా ఉంటే అలాగే రాయాలి. తండ్రి పేరు రాశాను. నివాసం రాసే చోట మాత్రం చోటు ఉంటుంది కాబట్టి, ఫలానా గురువుగారి ఇంట కాపురమున్న అని చేర్చాను. కంప్యూటర్ కొట్టే పిల్లాడు కాగితం తీసి ఆమెకు చదివి వినిపించాడు. అంతా విని, "గురువు పేరు బాగుంది. ఆ నాయిన పేరు ఒక్కటి రవ్వంత చిన్నక్షరాలతో కొట్టించరాదా అప్పా" అంది.