అధ్యాపకపీఠములపై స్త్రీలు

ఉక్కు కర్మాగారము చుట్టును పెరిగిన జంషెడ్‌పూరు పట్టణమున 1953లో మహిళా కళాశాల వెలసినది. సీతారాండేరా మొదలైన పేటల బాలికలకు ఇంటికి చేరువనే పైచదువు చదువుటకు వీలు కలిగినది. అయినను స్త్రీలు చదువుట వేరు, కళాశాలలో చదువు చెప్పుట వేరు. 2018-19 నాటి అఖిలభారత ఉన్నతవిద్యా సర్వే ప్రకారము ఝార్ఖండ్ అధ్యాపకులలో స్త్రీలు నూటికి సుమారు 30 మందియే. 2020-21లో దేశము మొత్తముమీద వారు నూటికి 43 మందికి చేరువగా నుండిరి. అదే కాలమున బ్రిటనులో సుమారు 47 మంది.

ఈ అంతరమునకు మూలము ఆరంభమున లేదు. చంద్రముఖీ బసు 1888లోనే కలకత్తా బెథూన్ కళాశాలకు ప్రిన్సిపాలైనది. బ్రిటనులో ఈడిత్ మోర్లే రెడింగ్ నగరమున ఆచార్య బిరుదము నందినది 1908లో. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము 1948 వరకును స్త్రీలకు పూర్ణమైన పట్టముల నీయలేదు.

మొత్తము సంఖ్యను విడిచి పదవుల మెట్లను పరిశీలించినచో మరియొక సత్యము గోచరించును. 2020-21 ప్రాంతమున ఆచార్యపదవులలో ఉభయదేశములందును స్త్రీలు నాలుగింట ఒక వంతుకు కొంచెము మించి యుండిరి. క్రింది మెట్టున కనిపించిన భేదము పై మెట్టున దాదాపు మాసిపోయినది.

జంషెడ్‌పూరు కళాశాల నేడు మహిళా విశ్వవిద్యాలయము. అచ్చట చదివిన బాలికలలో ఎందరు అధ్యాపకులైరి, వారిలో ఎందరు ఆచార్యులైరి అని విడివిడిగా లెక్కించినపుడే ఆ ప్రగతి నిజముగా తెలియును.