చీటీ మీద రాయని మందు

మా తమ్ముడి కూతురు పోయినేడు ఎంబీబీఎస్ ముగించింది. సంక్రాంతికి ఇంటికొచ్చి, వరండాలో నా పాత కుర్చీలో కూర్చుని ఒక మాట అడిగింది. "స్టెతస్కోపు పట్టినోళ్ళకి జెండా ఎందుకు పెదనాయనా? వైద్యం చేసుకుంటే చాలదా?"

నిజంగా తెలుసుకోవాలనే అడిగింది కాబట్టి అప్పటికప్పుడు ఏదో ఒకటి చెప్పి పంపించడానికి మనసొప్పలేదు. ఆ పిల్లకు చెప్పాలనుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను.

నేను డిగ్రీ ఉన్న డాక్టర్ని కాను. విడవలూరు మండలంలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పల్లెలో నలభై ఏళ్ళకు పైగా ప్రథమ చికిత్స చేసిన వాణ్ణి. మమ్మల్ని ఆర్‌ఎంపీలంటారు. ఊరికి పడమర వరిమళ్ళు, తూర్పున రొయ్యల గుంటలు, వాటి అవతల సముద్రం. జ్వరం చూస్తాను, గాయానికి కట్టు కడతాను, పాముకాటంటే క్షణం ఆలస్యం చేయకుండా నెల్లూరు పంపిస్తాను. ఇన్నేళ్ళలో నాకు అర్థమైందేమంటే, నా దగ్గరికొచ్చిన జబ్బుల్లో సగం ఒంట్లో పుట్టినవి కావు. తాగే నీళ్ళలో పుట్టాయి, మురుగులో పుట్టాయి, అప్పులో, సారా కొట్టు దగ్గర పుట్టాయి. పెన్నా కాలవ నీళ్ళు మా మళ్ళకు అన్నం పెట్టాయి, ఆ నీళ్ళు నిలిచిన చోటే దోమ పెరిగి చలిజ్వరమూ వచ్చింది.

దీనికి మా జిల్లాలోనే పెద్ద సాక్ష్యం ఉంది. ఫ్లోరోసిస్ అనే జబ్బు మన దేశంలో ఉందని వైద్యశాస్త్రం మొదట గుర్తించింది నెల్లూరు జిల్లాలోనే, 1937లో. పొదిలి, దర్శి, కనిగిరి వైపు పల్లెలు అప్పుడు మా జిల్లాలో ఉండేవి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడ్డప్పుడు అటు పోయాయి. ఆ పల్లెల్లో పిల్లల పళ్ళు గార పట్టేవి. నడివయసు రాకముందే మనిషికి నడుము బిగుసుకుపోయేది, మెడ తిరిగేది కాదు, కొందరు వంగిపోయి నేల చూస్తూ నడిచేవాళ్ళు. కారణం బావి నీళ్ళలో ఉన్న ఫ్లోరైడు. దానికి గోలీ లేదు, సూదిమందు లేదు. నీళ్ళు మార్చడమొక్కటే మందు. ఆ మందు డాక్టరు చీటీ మీద రాస్తే వచ్చేది కాదు. ఏ ఏటి నీళ్ళు ఏ ఊరికి గొట్టాల్లో పోవాలో తేల్చే చోట రాయాలి. ఆ చోటు పేరే రాజకీయం.

ఈ సంగతి మనకంటే ముందు గ్రహించిన డాక్టర్లున్నారు. 1848లో ప్రష్యా దేశపు ఎగువ సైలీషియాలో టైఫస్ జ్వరం చెలరేగితే, చూసి రమ్మని ప్రభుత్వం రుడాల్ఫ్ విర్కో అనే కుర్ర డాక్టర్ని పంపింది. ఆయన తిరిగొచ్చి ఇచ్చిన నివేదికలో మందులకంటే చదువు, స్వపరిపాలన, పన్నుల గురించే గట్టిగా అడిగాడు. తర్వాత బెర్లిన్ నగరసభలో సభ్యుడై ఆ ఊరి మురుగు కాలవల కోసం పనిచేశాడు. సెర్బియాలో వ్లాదాన్ జోర్జెవిచ్ అనే డాక్టరు వియన్నాలో వైద్యం చదివొచ్చి, 1872లో తన దేశపు వైద్య సంఘం స్థాపనకు ముందు నిలిచాడు. బెల్‌గ్రేడ్ మేయరయ్యాడు, 1897లో ఏకంగా ప్రధానమంత్రి అయ్యాడు. రాజు పక్షాన నిలిచి పత్రికల నోరు కట్టిన ఆ ప్రభుత్వం 1900తో ముగిసింది. వైద్య సంఘం ఇప్పటికీ నడుస్తోంది. ఒకే మనిషి చేసిన రెండు పనుల్లో జనం ఏది ఉంచుకున్నారో చూడమని మా పిల్లకు చెప్పాను.

ఇక మన తెలుగువాళ్ళలో ఈ దారికి పెద్ద పేరు భోగరాజు పట్టాభి సీతారామయ్య. ఆయన మా తీరం మనిషి కాదు. పుట్టింది 1880 నవంబరు 24న, ఏలూరు దగ్గర గుండుగొలనులో. మద్రాసులో వైద్యం చదివి ఎం.బి., సి.ఎం. పట్టా తీసుకుని బందరులో ప్రాక్టీసు పెట్టాడు. పేద ఇంటి నుంచొచ్చిన వాడికి అది చిన్న సంగతి కాదు. ఆ రోజుల్లో పట్టా ఉన్న డాక్టరంటే జిల్లాకు వేళ్ళ మీద లెక్క. చేయి తిరిగి, పేరొచ్చి, డబ్బు రావడం మొదలైన సమయంలో, 1916లో, ఆయన ప్రాక్టీసు మానేశాడు. పూర్తిగా దేశం పనిలో దిగాడు.

ఈ మానేయడం గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. వైద్యం వదిలేసిన డాక్టరు మీద నాకు మొదట్లో కొంచెం కోపమే ఉండేది. బందరులో ఆయన చెయ్యి కోసం వచ్చే రోగులేమయ్యారు? కానీ ఆయన ఆ తర్వాత చేసిన పనులు చూస్తే చూపు డాక్టరుదేనని తోస్తుంది. రైతు షావుకారు దగ్గర తనఖాలో పడి చితికిపోతున్నాడు. తెలుగువాడి డబ్బు తెలుగువాడికి అప్పుగా దొరికే చోటు లేదు. రోగమక్కడుందని చూశాడు. కృష్ణా జిల్లా సహకార బ్యాంకు పనిలో ఉన్నాడు. 1923 నవంబరులో బందరులోనే ఆంధ్రా బ్యాంకు పెట్టాడు, చెల్లించిన మూలధనం లక్ష రూపాయలతో. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు. అంతకుముందే కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావులతో కలిసి ఆంధ్ర జాతీయ కళాశాల. 1919లో జన్మభూమి అనే ఇంగ్లీషు వారపత్రిక. ఒక మనిషి ఇన్నిటిని లేపి నిలబెట్టడం మామూలు మాట కాదు.

1935లో కాంగ్రెసు స్వర్ణోత్సవానికి ఆ సంస్థ చరిత్ర రాసిందీ ఆయనే. 1939లో గాంధీ మద్దతుతో కాంగ్రెసు అధ్యక్ష పదవికి నిలబడి, సుభాష్ చంద్రబోస్ చేతిలో 200 పైచిలుకు ఓట్ల తేడాతో ఓడిపోయాడు. పట్టాభి ఓటమి తన ఓటమేనని గాంధీ అనడంతో ఆయన పేరు దేశమంతా ఆ ఓటమికి అతుక్కుపోయింది. ఇది ఆయనకు జరిగిన అన్యాయమని నా అభిప్రాయం. పాఠ్య పుస్తకంలో ఆ ఒక్క వాక్యం చదివి ఊరుకునే పిల్లలకు ఆ లక్ష రూపాయల బ్యాంకు సంగతి ఎవరు చెబుతారు? 1942 ఆగస్టులో ఆయన్ను పట్టుకెళ్ళి నెహ్రూ, పటేల్, ఆజాద్‌లతో పాటు అహ్మద్‌నగర్ కోటలో పెట్టారు. 1945 దాకా అక్కడే. 1948లో కాంగ్రెసు అధ్యక్షుడయ్యాడు.

నెల్లూరు మనిషిగా ఆయనతో నాకున్న లెక్క ఇక్కడే. 1948 చివర జైపూర్ కాంగ్రెసులో భాషా రాష్ట్రాల సంగతి తేల్చడానికి ముగ్గురితో సంఘం వేశారు: జవాహర్‌లాల్, వల్లభ్‌భాయ్, పట్టాభి. ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలతో అది జేవీపీ కమిటీ అయింది. ఆంధ్ర రాష్ట్రం కావాలని 1913 నుంచి ఊరూరా తిరిగి చెప్పిన మనిషి అందులో కూర్చున్నాడు. 1949 ఏప్రిల్‌లో వచ్చిన నివేదిక, భాషా రాష్ట్రాలను కొన్నాళ్ళు ఆపమంది. ఆంధ్రను విడిగా చూడొచ్చని ఒప్పుకుంటూనే, మద్రాసు నగరాన్ని వదులుకోవాలని మెలిక పెట్టింది. ఆ మాట మా జిల్లాకు సూటిగా తగిలింది. మాకు మద్రాసు పరాయి ఊరు కాదు. చదువు అక్కడ, కోర్టు అక్కడ, పెద్దాసుపత్రి అక్కడ. మా చేపలూ బియ్యమూ పోయేదీ అక్కడికే.

మూడేళ్ళకు పైగా గడిచినా రాష్ట్రం రాలేదు. పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న మద్రాసులో, బులుసు సాంబమూర్తి ఇంట్లో నిరాహారదీక్షకు కూర్చున్నాడు. ఆయన నెల్లూరు వీధులకు బాగా తెలిసిన మనిషి. హరిజనులను మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి రానివ్వాలని ఇక్కడ ఉపవాసం చేశాడు. చెప్పులు లేకుండా, నినాదాలు రాసిన అట్టలు మెడకు తగిలించుకుని ఎండలో తిరిగేవాడని మా నాయన చెప్పేవాడు. డిసెంబరు 15 రాత్రి ఆయన ప్రాణం పోయింది. పట్టాభి అప్పుడు మధ్యప్రదేశ్ గవర్నరు. ఒంటి బాధ తెలిసిన డాక్టరుగా, తిండి లేని యాభై ఎనిమిది రోజులు మనిషినేం చేస్తాయో ఆయనకు వేరే చెప్పనక్కర్లేదు. ఆ మెలికకు ఒప్పుకున్న చెయ్యి ఆయనది కూడా. ఆయన కట్టిన వాటిని ఎంత గౌరవించినా దీన్ని నేను మాఫీ చేయలేను. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు లేకుండా. పట్టాభి 1959 డిసెంబరు 17న కన్నుమూశాడు. ఆయన బ్యాంకు 1980లో జాతీయమైంది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయి పేరు పోగొట్టుకుంది.

ఇప్పుడు మా దగ్గరికి వస్తాను. అలగానిపాడు మా ఊరికి సైకిలు దూరం. పుచ్చలపల్లి సుందరయ్య 1913 మే 1న పుట్టిన ఊరు. సుందరరామిరెడ్డి అనే పేరులోంచి కులాన్ని తీసేసి సుందరయ్య అయిన మనిషి. 1930లో కాలేజీ వదిలి ఉప్పు సత్యాగ్రహంలోకి వెళ్ళి, జైలుకు పోయొచ్చి, సొంత ఊళ్ళో కూలీలకు సంఘం పెట్టాడు. భూములున్న ఇంటి పిల్లవాడు తన పొలంలో పనిచేసే వాళ్ళ పక్షాన కూలి అడగడం ఆ రోజుల్లో ఎంత గగ్గోలో మా జేజి కథలు కథలుగా చెప్పేది. ఆయన కమ్యూనిస్టు నాయకుడై 1952లో రాజ్యసభకు, 1955లో గన్నవరం నుంచి అసెంబ్లీకి వెళ్ళాడు. ఆయన కథ రాష్ట్రమంతా తెలుసు.

ఆయన తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి. అన్న పట్టుకున్న ఎర్రజెండానే ఈయనా పట్టుకున్నాడు, వైద్యాన్ని మాత్రం వదల్లేదు. నెల్లూరులో ఆయన పెట్టిన ప్రజావైద్యశాలే ఆయన రాజకీయం. పేదవాడు డబ్బుకు భయపడకుండా గుమ్మం ఎక్కగలిగే ఆసుపత్రి ఒకటుండాలనేది ఆలోచన. ఆ ఆలోచన వెంట తర్వాతి డాక్టర్లు కూడా వచ్చి నిలబడ్డారు. ఇవాళ ఆ ఆసుపత్రి ఆయన పేరు మీదే ఉంది.

చిన్నప్పుడు మా జేజిని తీసుకుని నేనక్కడికి వెళ్ళాను. జేజికి బోదకాలు. కోవూరు మీదుగా బస్సులో పోయి, పెన్న వంతెన దాటి దిగాం. మైపాడు వైపు నుంచి వలల పని చేసే వాళ్ళు, దగదర్తి వైపు నుంచి మెట్ట రైతులు, అందరూ ఒకే వరండాలో. జేజి కాలికి గుడ్డ చుట్టుకుని సిగ్గుపడుతూ ఓ మూల కూర్చుంది. అక్కడి డాక్టరు గుడ్డ విప్పి, కాలు చేతుల్లోకి తీసుకుని చూశాడు. వాపు పూర్తిగా పోదని దాచకుండా చెప్పాడు. రోజూ సబ్బుతో కడుక్కోమని, ఆరబెట్టుకోమని, రాత్రి ఎత్తులో పెట్టుకోమని చెప్పాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో జేజి అన్నమాట ఇది: "ఇన్నాళ్ళకు ఒకడు నా కాలు ముట్టుకున్నాడు అబ్బయ్యా." కాలు తగ్గలేదు. జేజి మళ్ళీ పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ పోవడం మొదలుపెట్టింది.

ఇంకో పని ఆ వైద్యశాల చేసింది, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది. పల్లెల కుర్రాళ్ళకు పని నేర్పింది. ఒక జిల్లాలో ఎంతమంది డాక్టర్లుంటే మాత్రం ప్రతి పల్లెకూ ఒకరొచ్చి కాపురం పెడతారా? అందుకని పల్లెనుంచే మనిషిని తీసుకుని, కట్టు కట్టడం, సూది మరిగించడం, జ్వరం లెక్క చూడటం, ఎక్కడ తన చెయ్యి ఆగాలో తెలుసుకోవడం నేర్పి తిరిగి పంపారు. అట్లా నేర్చుకొచ్చిన పెద్దాయన ఒకరు మా పక్క ఊళ్ళో ఉండేవాడు. నేను పని నేర్చుకుంది ఆయన దగ్గరే. వాన రాత్రి కాలవ గట్టు మీద లాంతరు పట్టుకుని ఆయన వెనకాల నడిచిన రోజులు ఇప్పటికీ గుర్తున్నాయి. 1989 నవంబరులో కావలి తుపాను తర్వాత, బావుల్లో ఉప్పునీళ్ళు, చచ్చిన గొడ్లు. ఆయన చేసిన మొదటి వైద్యం బావిలో బ్లీచింగు వేయించడం. రెండోది నీళ్ళ ట్యాంకరు కోసం మండలాఫీసు ముందు జనాన్ని కూర్చోబెట్టడం. పట్టా లేని ఆ మనిషికి రెండూ ఒకే పని.

మా ఆర్‌ఎంపీల్లో తప్పులు లేవని నేననను. జ్వరమని వచ్చిన ప్రతివాడికీ స్టిరాయిడు సూది పొడిచే వాళ్ళను చూశాను. యాంటీబయాటిక్ గోలీలు రెండిచ్చి పంపే వాళ్ళనూ చూశాను. అది ప్రాణాలతో చెలగాటం. నేర్పిన చోట చెప్పిన మొదటి పాఠం, చెయ్యి ఎక్కడ ఆగాలన్నది, వాళ్ళు మరిచిపోయారు.

జెండా పట్టిన డాక్టర్లు ముఖ్యమంత్రులు కూడా అయ్యారు. మర్రి చెన్నారెడ్డి డాక్టరే. పులివెందులలో రూపాయి డాక్టరని పేరు తెచ్చుకున్న వైఎస్ రాజశేఖరరెడ్డి 1978లో ఎమ్మెల్యే అయి, 2004లో ముఖ్యమంత్రి అయి, 2007లో ఆరోగ్యశ్రీ తెచ్చాడు. దానివల్ల మా ఊళ్ళో గుండె ఆపరేషను చేయించుకున్న పేదవాళ్ళున్నారు. అది చిన్న మేలు కాదు. అయినా జ్వరానికి, కాన్పుకు, పాముకాటుకు మా మండలం దాటకుండా వైద్యం దొరకాలన్నది ఇంకా నెరవేరలేదు. పెద్ద ఆపరేషనుకు పెట్టినంత శ్రద్ధ పల్లె ఆసుపత్రి మీద ఏ ప్రభుత్వమూ పెట్టలేదని నేను గట్టిగా అంటాను.

మా పిల్లకు చెప్పింది ఇంతే. జెండా పట్టుకోవాలా వద్దా అన్నది నీ ఇష్టం. పట్టుకుంటే మాత్రం నీ తర్వాత తెరిచి ఉండే తలుపు ఒకటి కట్టి పో.

పట్టాభి కథ పుస్తకాల్లో ఉంది. ప్రజావైద్యశాలలో పని నేర్చుకుని కోవూరు, అల్లూరు, విడవలూరు పల్లెలకు తిరిగొచ్చిన వాళ్ళ కథ ఇంకా నోటి మీదే ఉంది. బతికున్న వాళ్ళు ఎనభైకి అటూ ఇటూ ఉన్నారు. మీ ఇంట్లో అలాంటి తాత గానీ పెదనాయన గానీ ఉంటే ఒక నోటు పుస్తకం తీసుకుని పక్కన కూర్చోండి. ఏ ఏడాది వెళ్ళారు, ఎవరు నేర్పారు, మొదటి సూది ఎవరికి వేశారు, తిరిగొచ్చేటప్పుడు పెట్టెలో ఏమేం తెచ్చుకున్నారు, అన్నీ అడిగి రాసుకోండి. మా తమ్ముడి కూతురు కనుమ రోజు నా దగ్గర కూర్చుని పదకొండు పేజీలు రాసింది.