తుపాకి మడమకు రబ్బరు మెత్త
(మన కొండల వేట చరిత్రలో ఒక చిన్న అధ్యాయం)

మన సంఘం ప్రత్యేక సంచికకు జిల్లా చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి రాయవలసిందిగా సంపాదకవర్గం వారు కోరారు. చంద్రగిరి కోటను గురించి, విజయనగర ప్రభువులను గురించి సాధికారంగా రాయగల పెద్దలు మనలో ఎందరో ఉన్నారు. నేను పోలీసు శాఖలో ఆయుధాల మరమ్మతు చూసి పదవీ విరమణ చేసినవాణ్ణి. నాకు తెలిసిన విద్య తుపాకి ఒక్కటే. కనుక మన అడవుల్లో పులివేట సాగిన రోజులను, ఆ వేటలో ప్రాణాల మీదికి తెచ్చిన ఒక చిన్న విషయాన్ని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. ఆ విషయం తుపాకి తన్ను. దానికి విరుగుడు మడమకు బిగించే రబ్బరు మెత్త. రికాయిల్ ప్యాడ్ అని దాని పేరు.

చామల లోయ, మామండూరు

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేనాటికి శేషాచలం కొండల్లో పెద్దపులి తిరుగుతూ ఉండేది. నాగపట్ల దగ్గరి అడవిలో పులిబోను అనే చోటు ఉంది. రైఫిళ్లు రాకముందు మన పెద్దలు పులిని ఎలా పట్టేవారో ఆ పేరే సూచిస్తోంది. ఈ కొండల్లో చాలా భాగం 2022 నుంచి తిరుపతి జిల్లాలో చేరింది.

ఈ అడవులను లోకానికి పరిచయం చేసిన వేటగాడు కెన్నెత్ ఆండర్సన్. 1910లో సికింద్రాబాదు పక్కన బొల్లారంలో పుట్టి, బెంగుళూరులో విమాన కర్మాగారంలో ఉద్యోగం చేసి, 1974లో అక్కడే కన్నుమూశాడు. 1954లో వెలువడిన ఆయన మొదటి పుస్తకంలో చామల లోయ పులి కథ, 1957 నాటి పుస్తకంలో మామండూరు పులి కథ ఉన్నాయి. రేణిగుంట నుంచి కడప వైపు రైలులో వెళ్లినవారందరికీ మామండూరు తెలిసిన ఊరే.

ఆండర్సన్ చేతి ఆయుధం 405 విన్‌చెస్టర్ రైఫిలు. తుపాకుల రూపకల్పనలో మహా ఘనుడైన జాన్ బ్రౌనింగ్ తయారుచేసిన 1895 మోడలు అది. దానికి 405 తూటాను 1904లో ప్రవేశపెట్టారు. అమెరికా అధ్యక్ష పదవి నుంచి దిగిపోయిన థియోడర్ రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికాకు సింహాల వేటకు వెళ్లినప్పుడు వెంట తీసుకుపోయింది కూడా ఇదే రకం.

తన్ను లెక్క

పోలీసు శాఖలోను, ఎన్.సి.సి.లోను పనిచేసిన మిత్రులకు త్రీనాట్‌త్రీ దెబ్బ బుజానికి గుర్తుండే ఉంటుంది. దాని గుండు 174 గ్రెయిన్లు. 405 గుండు 300 గ్రెయిన్లు, అంటే తులమున్నరకు పైమాట. అది సెకనుకు 2,200 అడుగుల వేగంతో ముందుకు పోతుంటే, ఎనిమిదిన్నర పౌన్ల తుపాకి సెకనుకు సుమారు 15 అడుగుల వేగంతో వెనక్కి వస్తుంది. లెక్క కడితే ఈ తన్ను త్రీనాట్‌త్రీకి రెట్టింపును మించి ఉంటుంది. పైగా ఆ విన్‌చెస్టరు మడమకు కంపెనీ వారు బిగించినది కొద్దిగా వంపు తిరిగిన ఉక్కు పలక. ఆ దెబ్బంతా పలక అంచుల దగ్గర బుజం ఎముక మీదే పడుతుంది.

బుజం నొప్పి రెండు రోజుల్లో పోతుంది. మనసులో కూర్చున్న భయం మాత్రం పోదు. ఫైరింగు రేంజిలో కొత్త కానిస్టేబుళ్లను ఏళ్ల తరబడి చూశాను. మొదటి రోజు దెబ్బ తిన్న కుర్రవాడు రెండో రోజు తువ్వాలు మడిచి చొక్కా లోపల పెట్టుకుని వస్తాడు. ట్రిగ్గరు నొక్కే ముందే కళ్లు మూస్తాడు, బుజం ముందుకు తోస్తాడు. గొట్టం కిందికి వంగుతుంది, గుండు గురికి కింద తగులుతుంది. రేంజిలో అయితే మార్కులు పోతాయి. అడవిలో అయితే గుండెకు తగలవలసిన గుండు కాలికో దవడకో తగులుతుంది, గాయపడిన పులి పొదల్లోకి పోతుంది.

ఆ తరువాత కష్టం వేటగాడిది కాదు, ఊరివాళ్లది. జింకను తరిమి పట్టలేని పులి పశువుల మీదికి, కట్టెలకు పోయిన ఆడవాళ్ల మీదికి వస్తుంది. 1907లో జిమ్ కార్బెట్ చంపిన చంపావత్ ఆడపులి 436 మందిని పొట్టన పెట్టుకున్నదని లెక్క. దాని కుడివైపు కోరలు రెండూ ఎప్పటిదో తుపాకి దెబ్బకు విరిగిపోయి ఉన్నాయి. ఎవరో గురి తప్పి పేల్చిన ఒక్క గుండుకు అంతమంది బలి అయ్యారు. అందువల్లనే ఆ మెత్త సుకుమారుల సోకు కాదంటాను.

మెత్తను ఎన్నుకునే పద్ధతి

మన ఆడవాళ్లు బిందె కింద చుట్టకుదురు పెట్టుకుంటారు. బిందె బరువు తగ్గదు, ఒకచోట గుచ్చుకోకుండా పరుచుకుంటుంది. రబ్బరు మెత్త చేసే పనిలో సగం ఇదే. మిగతా సగం, దెబ్బను ఒక్కసారిగా కాక కాస్త నిదానంగా బుజానికి అందించడం. తన్నులోని శక్తి ఎక్కడికీ పోదు. తుపాకి బరువు పెరిగితేనే అది తగ్గుతుంది.

తెలిసినవారు మెత్తను ఎన్నుకునేటప్పుడు ముందుగా మందం చూస్తారు. అర అంగుళం నుంచి అంగుళం దాకా వాడుకలో ఉంది. గట్టిగా తన్నే రైఫిలుకు అంగుళం మేలు. అయితే మెత్త ఎంత మందమో అంత కొయ్యను మడమ నుంచి కోసి తీయాలి. లేకపోతే తుపాకి పొడుగై, ఎత్తేటప్పుడు చంకలో తట్టుకుంటుంది. మోచేయి మడిచి, మడమను ఆ మడతలో ఆనించి, వేలు ట్రిగ్గరుకు హాయిగా అందుతున్నదా అని చూడడం పాత పద్ధతి.

రెండవది మెత్తదనం. బొటనవేలితో నొక్కితే ఇట్టే లోపలికి పోయే మెత్త చిన్న తుపాకికి సరిపోతుంది. పెద్ద రైఫిలు తన్నితే అది పూర్తిగా అణగిపోయి, వెనకనున్న కొయ్యే బుజానికి తగులుతుంది. మరీ గట్టిదైతే ఉక్కు పలకకూ దానికీ తేడా ఉండదు. నొక్కిన కొద్దీ ఎదురు తిరిగేదే సరైనది.

మూడవది పై అంచు. అది గుండ్రంగా, నున్నగా ఉండాలి. చలిరాత్రి మంచె మీద కంబళి కప్పుకుని కూర్చున్నవాడు తుపాకి ఎత్తితే, గరుకు రబ్బరు కంబళికి పట్టుకుంటుంది. పులి ఇచ్చే వ్యవధి క్షణమే కదా!

నాలుగవది మన ఎండ. పాత రబ్బరుకు ఎండ, తుపాకి నూనె రెండూ శత్రువులు. ఎన్నికల సమయంలో స్టేషన్లలో డిపాజిట్ చేసే లైసెన్సు తుపాకులను చాలా చూశాను. గొట్టాలు అద్దాల్లా మెరిసేవి, మడమ రబ్బరు మాత్రం బీటలు వారో, జిగురుగా మారో ఉండేది. నూనె రాసిన తుపాకిని ఏళ్ల తరబడి మడమ మీద మూలన నిలబెట్టిన ఫలితం అది. కొయ్య కోయడానికి మనసొప్పనివారు తాడుతో బిగించే తోలు తొడుగు వాడేవారు.

మళ్లీ బోను

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో షికారు ముగిసింది. 2010లో శేషాచలం బయోస్ఫియర్ రిజర్వు అయింది. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక పసిబిడ్డను చంపినప్పుడు, అటవీశాఖవారు ఆ దారి పొడుగునా బోనులు పెట్టి చిరుతలను పట్టారు. దేవస్థానంవారు భక్తుల చేతికి కర్రలిచ్చారు. పులిబోను అని ఊరికి పేరుపెట్టిన పెద్దల పద్ధతికే మనం తిరిగి వచ్చామన్నమాట.

చివరగా మన కుటుంబాలవారికి ఒక మనవి. తండ్రిదో తాతదో లైసెన్సు తుపాకి ఇంట్లో ఉండి, ఆ పెద్దాయన కాలం చేసి ఉంటే, దాన్ని అటక మీద దాచకండి. ఆయుధాల చట్టం ప్రకారం వెంటనే పోలీసు స్టేషనులోనో లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించి రసీదు తీసుకోవాలి. అప్పగించే ముందు మనుమలను పిలిచి దాని మడమ చూపించండి. అక్కడ పగిలిన ఎర్ర రబ్బరు ముక్క కనిపిస్తే, అది ఎందుకు పెట్టారో, అది సరిగా లేకపోతే ఏ ఊరివాళ్లు ఆ మూల్యం చెల్లించేవారో చెప్పండి.