విన్నవాడికి మాట లేదు

ఆత్మకూరులో మా పెదనాయన పడుకునే గదిలోని ఏసీ 2023 మే నెల నడుమ కాలిపోయింది. వారం తిరక్కముందే ఆయన్ను నెల్లూరులో కూతురింటికి తరలించారు. ప్రాణంతో మళ్లీ ఆయన సొంతింటికి రాలేదు. ఈ కథ ఎక్కడికి చేరుతుందో ముందే చెప్పేశాను, దాచేందుకేమీ లేదు. ఆ రోజు మాత్రం చెప్పకుండా రాలేదు. మూడు నెలల ముందు నుంచీ వస్తున్నా వస్తున్నానని శబ్దం చేస్తూనే వచ్చింది. ఆ శబ్దం అర్థమైన మనిషి ఆ ఇంట్లో ఒక్కరే. ఆయనకు మాట లేదు.

పెదనాయన పుట్టింది ఉదయగిరిలో, కోటకొండ అడుగున. వేసవిలో ఆ బండలు పగలంతా ఎండను తాగి, రాత్రంతా ఊరి మీద వేడి కక్కుతాయి. అయినా వాళ్ల మట్టిమిద్దెలోకి అడుగుపెడితే ఒళ్లు కుదుటపడేది. మందపాటి గోడలు, చిన్న కిటికీలు, మూలన తడి ఇసుకలో కూర్చోబెట్టిన నీళ్లకుండ. చప్పుడు లేని చల్లదనం అది. రాత్రిళ్లు మిద్దె మీద పిల్లలందరినీ పడుకోబెట్టుకుని కోట కథ చెప్పేవారు. 1513లో కృష్ణదేవరాయలు ముట్టడిస్తే, గజపతుల చేతిలోంచి ఆ కోట జారిపోవడానికి ఏడాదిన్నర పట్టింది. "ఒక్క దినంలో పడే కోట కాదు అబ్బయ్యా అది" అనేవారు, కొండకేసి చూస్తూ.

ఆత్మకూరు ఆర్టీసీ డిపోలో మెకానిక్కుగా ఆయన బతుకంతా శబ్దాల మధ్యే గడిచింది. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను నడుస్తున్న ఇంజిన్ మీద ఆనించి, పిడిని చెవికి నొక్కుకుని, కళ్లు మూసుకునేవారు. ఏ బేరింగు అరిగిందో, ఏ వాల్వు వదులైందో, చేతికి గ్రీజు అంటకముందే చెప్పేసేవారు. బద్వేలు రోడ్డెక్కడానికి గేటు దాటుతున్న బస్సును, చప్పుడు బాగాలేదని వెనక్కి పిలిపించిన రోజులున్నాయి. ఆ చెవి మీద నమ్మకంతో ఎంతమంది క్షేమంగా ఇల్లు చేరారో ఎవరు లెక్కపెట్టారు?

ఆత్మకూరులో ఆయన కట్టుకున్నది స్లాబు ఇల్లు. 2015 వేసవిలో ఎండలు రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీశాయి. ఆ భయం ఇంకా ఆరకముందే, మరుసటి ఏడు మా అన్న ఒకటిన్నర టన్నుల విండో ఏసీ కొని ఆ గదిలో బిగించాడు. ఎండాకాలం మధ్యాహ్నాలు ఇంటిల్లిపాదీ అక్కడే. వదిన పప్పు బాగుచేసుకునేది, పాప హోంవర్కు చేసుకునేది, పెదనాయన పేపరు మొహాన కప్పుకుని నిద్రపోయేవారు. అంతకంటే గొప్ప సంగతేమీ ఆ గదిలో జరగలేదు. ఇప్పుడు తలచుకుంటే అంతకంటే గొప్పది ఇంకేముంటుందనిపిస్తుంది.

2022 కార్తీకంలో ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. ఎడమ చెయ్యి మిగిలింది. చెవులు మిగిలాయి.

శివరాత్రి వెళ్లాక ఏసీ మళ్లీ వేశారు. స్విచ్ వేయగానే గాలి వచ్చేది, చల్లదనం మాత్రం ఆలస్యమయ్యేది. ఆ ఆలస్యంలోనే ఉంది అసలు కథ. ముందొక టక్కు. తర్వాత గొంతు బిగబట్టినట్టు ఒక మూలుగు, కొన్ని సెకన్ల పాటు. మళ్లీ టక్కు. ఆపైన ఫ్యాను గాలి తప్ప ఇంకేమీ వినపడదు. కాసేపటికి మళ్లీ అదే వరస. రెండోసారో మూడోసారో కంప్రెసర్ అందుకునేది, గది చల్లబడేది, అందరూ మరిచిపోయేవారు.

ఆ మూలుగు మోటారుది. మొదటి తిప్పు తిరగడానికి దానికొక తోపు కావాలి. ఆ తోపునిచ్చేది కెపాసిటర్, గుప్పిట్లో పట్టేంత డబ్బా, కొన్ని వందల రూపాయల సరుకు. అది నీరసిస్తే మోటారు తిరగలేక, మామూలుకు ఎన్నో రెట్లు కరెంటు లాగుతూ నిలబడిపోతుంది. లోపలి ఓవర్‌లోడ్ స్విచ్ వేడెక్కి కరెంటు తెంపుతుంది, ఆ తెంపిన చప్పుడే రెండో టక్కు. దానికి తోడు వేసవి సాయంత్రాలు వోల్టేజీ పడిపోతుంది. 230 ఉండాల్సింది 184కి దిగితే తగ్గింది ఐదో వంతే అనుకుంటాం. మోటారు తోపుబలం మాత్రం వోల్టేజీ వర్గాన్ని బట్టి పడిపోయి, నూటికి 64 పాళ్లే మిగులుతుంది. అలా లేవబోయి కూలబడిన ప్రతిసారీ వైండింగు మీది వార్నిష్ కొంచెం కొంచెం మాడుతుంది. బయటికి ఏమీ కనపడదు. వినపడుతుంది.

ఇంట్లోవాళ్లు అది స్టెబిలైజర్ చప్పుడనుకున్నారు. అనుకోవడంలో తప్పేముంది? స్టెబిలైజర్ కూడా టక్కుమనే యంత్రమే. కాకపోతే దాని టక్కు గోడ మీది పెట్టెలోంచి, పలచగా, ఒంటరిగా వస్తుంది. ముందు మూలుగు ఉండదు. ఆ తేడా చెప్పగల మనిషి అదే గదిలో, రెండు బారల దూరంలో, మంచం మీద ఉన్నారు.

ఆయన చెప్పారు కూడా. ఎడమచేతి వేలి ఎముకతో మంచం పట్టీ మీద ఒక దెబ్బ. ఆ ఇనప పట్టీ వెంట గోరుతో పొడుగ్గా ఒక గీత. మళ్లీ ఒక దెబ్బ. వదిన పరిగెత్తుకొచ్చి నీళ్లు పట్టేది. ఆయన తల అడ్డంగా ఊపేవారు. దుప్పటి సర్దేది. మళ్లీ అడ్డంగానే. ఇంకేం కావాలి మామయ్యా అని ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంటే, ఆ చెయ్యి పట్టీ వదిలేసి ఆమె తల మీదికి వచ్చేది. ఆమెను ఓదార్చడంలో చెప్పాల్సింది ఆగిపోయేది. ఆ పిల్ల చేసినంత సేవ నేను ఎక్కడా చూడలేదు. ఆ మాట ఇక్కడ రాయకపోతే నాకు మనసొప్పదు.

ఉగాది వారంలో పక్కింటికి ఏసీ మెకానిక్కు వచ్చాడు. వదిన పిలిచింది, అతను వచ్చాడు, గదిలో నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. కాసేపు చూసి, కరెంటొచ్చాక ఫోన్ చెయ్యక్కా అని నంబరిచ్చి వెళ్లాడు. కరెంటు వచ్చాక ఏసీ, ఆ ఒక్కరోజు, మొదటిసారికే అందుకుంది. ఫోన్ అవసరం రాలేదు. పెదనాయన ఆ మధ్యాహ్నం తలుపుకేసే చూస్తూ పడుకున్నారని వదిన తర్వాత చెప్పింది.

ఏప్రిల్లో పాప కనిపెట్టింది. బడి నుంచి వచ్చి తాత పక్కన కూర్చుని, ఆయన దెబ్బలు వింటూ వింటూ ఒక్కసారిగా అంది: "తాత ఏసీ మాదిరే కొడతా ఉండాడు నాయనా!" అందరూ మురిసిపోయి నవ్వారు. పెదనాయన నవ్వలేదు. పాప మొహంలోకి చూసి మళ్లీ కొట్టారు, ఈసారి గట్టిగా. పాప చప్పట్లు కొట్టి తనూ కొట్టింది. ఇద్దరూ ఆడుకుంటున్నారనుకున్నారు. ఆ సాయంత్రం ఆ ఇంటికి అందినంత దగ్గరగా ఇంకెప్పుడూ రాలేదు దారి మళ్లే అవకాశం.

ఆ తర్వాత అన్న కొత్త స్టెబిలైజర్ తెచ్చాడు. పాతదాని టక్కు పోయింది, లోపలి టక్కు ఉండిపోయింది. ఫిల్టర్‌కు దుమ్ము పట్టి కాయిల్ మీద మంచు కట్టింది. ఆవిరిగా వెనక్కి రావాల్సిన గ్యాసు ద్రవంగానే కంప్రెసర్‌లోకి రాసాగింది. ద్రవం కుదించడానికి లొంగదు. లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు ఉండేది. అప్పుడు మాత్రం అందరికీ వినపడింది. మెకానిక్కుకు ఫోన్ చేశారు. పెళ్లిళ్ల సీజను, ఎండల సీజను, నాలుగు రోజులాగమన్నాడు.

మూడో రోజు మధ్యాహ్నం మూలుగు వచ్చింది, రెండో టక్కు రాలేదు. మూలుగు సాగి సాగి, కాలిన వార్నిష్ వాసన గది నిండా కమ్మింది. బోర్డులో ఎంసీబీ పడిపోయింది. పెదనాయన చెయ్యి పట్టీ మీదే ఉంది కానీ కదల్లేదు. మెకానిక్కు వచ్చి మూత విప్పితే కెపాసిటర్ నెత్తి ఉబ్బి ఉంది. మీటరు పెట్టి చూసి, "బాడీ షార్టన్నా, కంప్రెసర్ పోయింది" అన్నాడు. కెపాసిటర్‌ను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. ముందే పిలవాల్సిందని అతను అనలేదు. ఆ మర్యాదకు అతనికి దణ్ణం పెట్టాలి.

గోనెపట్టాలు తడిపి కిటికీకి కట్టారు. ఆ ఎండకు గంటలో అవీ ఎండిపోయాయి. వీపు మీద పుండ్లు లేస్తున్నాయి, చల్లటి చోటికి మార్చండన్నాడు డాక్టరు. అలా నెల్లూరు. ఆషాఢంలో పోయారు. ఏసీ వల్ల పోయారని నేను అనను, ఆయన ఒంట్లో జబ్బు ఉంది. ఇల్లు మాత్రం ఏసీ వల్లే పోయింది ఆయనకు, ఆ ఆఖరి రోజుల్లో.

పెద్దకర్మకు డిపోలో ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ఇద్దరు వచ్చారు, ఇద్దరూ రిటైరైపోయారు. భోజనాలయ్యాక అన్న ఎందుకో వాళ్లకు ఆ దెబ్బల సంగతి చెప్పి, బల్ల మీద వేలితో చూపించాడు. ఒక దెబ్బ, ఒక గీత, ఒక దెబ్బ.

వాళ్లలో పెద్దాయన వెంటనే అన్నాడు: "మోటారు ఎత్తుకోలేకపోతా ఉందంటన్నాడు అబ్బయ్యా. ఇంజిన్ల గోలలో మాటలు వినపడవు గదా, మాకు బానెట్ మీద ఇట్నే కొట్టి చూపించేవాడు."