కువైట్‌లో అడిగే తీరు: 'ప్రార్థన' నుంచి 'కుడ్ యూ' దాకా

చమురు కంటే ముందే, ఫైళ్ల వెంట కువైట్‌కు ఇంగ్లీషు వచ్చింది. 1899లో కువైట్ పాలకుడు షేక్ ముబారక్ బ్రిటిష్ వాళ్లతో ఒప్పందం చేసుకున్నాడు. 1904లో నాక్స్ అనే అధికారి అక్కడ తొలి పొలిటికల్ ఏజెంటుగా దిగాడు. ఆయన పైన పర్షియాలోని బుషెహర్‌లో ఉన్న బ్రిటిష్ రెసిడెన్సీ, దాని పైన బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం. బజారులో చెల్లేది మన రూపాయి. ఆఫీసు ఉత్తరాల్లో నడిచేది మన గుమాస్తాల ఇంగ్లీషు. అందులో 'పంపండి' అని ఎవరూ సూటిగా రాసేవారు కాదు. 'ఐ హావ్ ద ఆనర్ టు రిక్వెస్ట్' అని మొదలుపెట్టేవారు. మన అర్జీల్లో 'మంజూరు చేయవలసిందిగా ప్రార్థన' అన్న ధోరణి కూడా ఆ గూటిదే.

అసలు ఇంగ్లీషులో అడగడం ఇంత చుట్టుదారి పట్టడానికి కారణం ఉంది. ఒకప్పుడు వాళ్లకూ నువ్వు, మీరు తేడా ఉండేది. 'నువ్వు' లాంటి 'దౌ' క్రమంగా మామూలు మాటల్లోంచి తప్పుకుని, అందరికీ 'యూ' మిగిలింది. మనం 'ఇవ్వు'కి ఒక 'అండి' తగిలిస్తే మర్యాద పూర్తవుతుంది. వాళ్లకు ఆ సౌకర్యం లేదు. మర్యాద బరువులో చాలా భాగం క్రియ మీద పడింది. షేక్‌స్పియర్ కాలంలో 'ప్రే' అని బతిమాలేవారు, తర్వాత ఆ చోటుకు 'ప్లీజ్' వచ్చింది. 'కెన్'ని భూతకాలంలోకి తోసి 'కుడ్' అన్నారు, 'విల్'ని 'వుడ్' చేశారు. జరగాల్సిన పనిని ఊహలోకి నెడితే, కాదనడానికి ఎదుటివాడికి చోటు దొరుకుతుంది. అరబ్బీలోనూ ఇదే ఎత్తుగడ ఉంది: 'లౌ సమహ్త్' (దయచేసి) అన్న మాటలో ఉన్నదీ భూతకాల క్రియే.

1934లో కువైట్ ఆయిల్ కంపెనీ ఏర్పడింది. 1938లో బుర్గాన్‌లో చమురు పడింది, 1946లో తొలి ఓడ బయలుదేరింది. దాంతో ఇంకో రకం ఇంగ్లీషు అవసరమైంది: 'స్టాప్', 'లిఫ్ట్', 'హోల్డ్ ఇట్'. క్రేన్ కింద నిలబడ్డవాడితో 'కుడ్ యూ' అంటే వాడు బతకడు. అక్కడ ఒంటి క్రియే మర్యాద.

తర్వాతి దశాబ్దాల్లో కడప, రాయచోటి, గోదావరి జిల్లాల నుంచి మనవాళ్లు వెళ్లారు. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు ముందుగా అబ్బేవి 'జీబ్' (తీసుకురా), 'రూహ్' (వెళ్లు), 'తఆల్' (రా). అన్నీ ఆజ్ఞలే. చెవిన పడేవే నోటికొస్తాయి కాబట్టి, ఇంగ్లీషు మాట్లాడాల్సొస్తే అచ్చు వేసినట్టు 'గివ్ మనీ', 'ఐ వాంట్ లీవ్' అంటారు. తెలుగులో ఆవిడే 'అమ్మా, కాస్త సెలవు ఇప్పిస్తారా' అని ఎంత ఒద్దికగా అడుగుతుందో! ఆ 'ఇప్పిస్తారా'లోని వినయం ఇంగ్లీషులోకి దానంతట అదే రాదు. యజమానురాలికి వినపడేది పొగరు. ఇందులో తప్పు ఆవిడది కాదనే నా పట్టు. ఆజ్ఞలే నేర్పిన ఇల్లు అభ్యర్థన ఆశించడం అన్యాయం.

దీనికి మందుగా 'మే ఐ' నేర్పించేవాళ్లున్నారు. నాకది అన్నిచోట్లా నచ్చదు. కువైట్‌లో 2015 నాటి 68వ నంబరు చట్టం ఇంటి పనివాళ్లకు వారానికొక సెలవు రోజు, రోజుకు గరిష్ఠంగా 12 గంటల పని, ఏటా జీతంతో సెలవు రాసిచ్చింది. హక్కుగా వచ్చినదానికి అనుమతి అడిగే క్రియ ఎందుకు? సెలవు రోజు మార్చుకోవాలంటే 'కుడ్ ఐ' బాగానే ఉంటుంది, అది నిజంగా అడగడమే. తనకున్న శుక్రవారం గురించైతే 'ఐ వుడ్ లైక్ టు టేక్ మై డే ఆఫ్ ఆన్ ఫ్రైడే' చాలు. ఇందులో 'వుడ్' మెత్తదనం తెస్తుంది, 'మై' ఆ రోజు ఎవరిదో చెబుతుంది. జీతం నెలాఖరు దాటితే 'ప్లీజ్ గివ్' కంటే 'వెన్ విల్ యూ పే మై శాలరీ' మేలు: ఇస్తారా లేదా అన్న ప్రశ్నే అందులో ఉండదు, ఎప్పుడన్నదొక్కటే మిగులుతుంది.