డాబాగార్డెన్సు దుర్భిణి

ఉగాదినాడు పంచాంగము విప్పగానే బెంగుళూరిలోని మనము ముందుగా చూచుకొనునది ఆ గణితము ఏ ఊరికి కట్టినదో అని. విశాఖపట్నమున మిట్టమధ్యాహ్నమైన సుమారు 23 నిమిషములకు గాని మనకు సూర్యుడు నడిమింటికి రాడు. ఊరు మారితే ఆకాశపు లెక్కయు మారును. ఈ సంగతి మన పంచాంగకర్తలకే గాక, ఇంటి ఆవరణలో దుర్భిణి నిలిపిన ఒక తెలుగు కుటుంబమునకు కూడ బాగుగా తెలిసియుండెను.

విశాఖపట్నము వారైన గోడే వెంకట జగ్గారావుగారు చెన్నపట్టణపు నక్షత్రశాలలో టి. జి. టేలరుగారి వద్ద ఖగోళశాస్త్రము అభ్యసించి, 1840 ప్రాంతమున డాబాగార్డెన్సులో తమ స్వంత నక్షత్రశాలను నెలకొల్పినారు. 1856లో వారు కీర్తిశేషులైనారు. తరువాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు ఆ బాధ్యత వహించి, అందుకొరకు డిప్యూటీ కలెక్టరు ఉద్యోగమును కూడ వదలుకొన్నారు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబమునకు అడ్డముగా నడచినపుడు పరిశీలించి, ఆ వివరములను లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి వ్రాసి పంపినారు.

ఇట్టి పనికి దుర్భిణి కొన్నంత మాత్రమున చాలదు. దానిని నిలుపుటలోనే ఉన్నది కష్టమంతా. ముందు దిమ్మె కదలరాదు. దుర్భిణి తిరుగు ఇరుసు భూమి ఇరుసుకు సమాంతరముగా ఉండవలెను. అప్పుడు గడియారపు యంత్రము దానిని 23 గంటల 56 నిమిషములకు ఒక చుట్టు చొప్పున త్రిప్పినచో చుక్క కంటి ముందునుండి తొలగదు. ఆ ఇరుసు వాలు ఊరి అక్షాంశమునకు సమానము. విశాఖకు సుమారు 17.7 డిగ్రీలు, బెంగుళూరుకు 13. అక్కడ చక్కగా కుదిరిన దుర్భిణి ఇక్కడికి వచ్చినచో, ఇరుసును నాలుగున్నర డిగ్రీలకు పైగా దించనిదే పనిచేయదు.

ధ్రువనక్షత్రమునకు గురిపెట్టినను పని ముగియలేదు. అదియు అసలు ధ్రువస్థానమునకు అర డిగ్రీకి పైగా ఎడముగా ఉన్నది. కనుక నడిమింటిని దాటుచున్న ఒక చుక్కను కొంతసేపు కనిపెట్టి చూడవలెను. అది ఉత్తరమునకో దక్షిణమునకో జరిగినచో, ఇరుసు తూర్పుకో పడమరకో తప్పినదన్నమాట. కొద్దిగా త్రిప్పి మరల చూడవలెను. ఓపిక లేనివారికి ఇది చేతగాదు.

నరసింగరావుగారు 1892లో గతించినారు. నేడు డాబాగార్డెన్సు అను పేట పేరు నిలిచినది గాని ఆ నక్షత్రశాల లేదు. జగ్గారావుగారు చదివిన చెన్నపట్టణపు నక్షత్రశాల కూడ మొదట ఇంటిదే. కంపెనీ ఉద్యోగి విలియం పెట్రీ 1786లో తన కొరకు పెట్టుకొన్నది. అది కంపెనీ పరమై, కొడైకెనాలు మీదుగా వచ్చి, 1971 నుండి భారతీయ తారాభౌతిక సంస్థగా వెలసి, నేడు మన కోరమంగలలో ఉన్నది. పదిమందిది అయినది ఊళ్లు మారియు బ్రతికినది. డాబాగార్డెన్సుది నిలువలేదు. మన సంఘముల వారికి ఇది ఆలోచించదగిన విషయము.

ఈ పండుగ సెలవులలో ఒక రాత్రి పిల్లలను మేడపైకి తీసికొనిపోయి, ఉత్తరమున చాచిన చేతి పిడికిలి కంటె కొంచెము ఎత్తున ధ్రువుని చూపింతము. విశాఖలో తాతగారికి అదే చుక్క దాదాపు రెండు పిడికిళ్ల ఎత్తున కనబడునని కూడ చెప్పుదము.