గురక ఆగితేనే భయం

రాత్రి పన్నెండున్నర. బరంపురం దేశిబెహెరా వీధిలో ఓ మేడ మీది గది. మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చోండి. వెల్లకిలా పడుకున్నాయన పట్టుచీరల వ్యాపారి. వయసు 52, బరువు 92 కిలోలు. ముక్కు దగ్గర సన్నటి గొట్టం, ఛాతీకి పట్టీ, వేలికి క్లిప్పు. నిద్ర పరీక్ష ఇంట్లోనే జరుగుతోంది.

గురక వీధిలోకి వినిపిస్తోంది. భార్యకి అది అలవాటే. ఆమెకి భయమల్లా ఆగినప్పుడే. ఇదిగో, ఆగింది. పొట్ట ఎగసిపడుతోంది, ఛాతీ లాగుతోంది, గాలి మాత్రం ఆడట్లేదు. గొంతు వెనక కండరాలు సడలి, తడిసిన పట్టుబట్ట మడతల్లా అతుక్కుపోయాయి. క్లిప్పు మీద అంకె చూడండి: 94... 89... 83. పది సెకన్లు ఆగితేనే లెక్కలోకి వస్తుంది. ఇది ముప్పై దాటింది. ఆమె చెయ్యి భుజందాకా వెళ్లి, ముట్టుకోవద్దన్న మాట గుర్తొచ్చి వెనక్కి వచ్చింది. అంతలో పెద్ద గుటకతో ఊపిరి అందింది. ఆయన నిద్రలోనే పక్కకి ఒత్తిగిల్లారు. అంకె 94కి ఎక్కింది. కాసేపటికే మళ్లీ మొదలు.

వారం తిరిగేసరికి డాక్టరు గదిలో ఉన్నాం. బల్ల మీద రెండు కాగితాలు. ఒకదాంట్లో గంటకి సగటున 34 సార్లు ఊపిరికి అడ్డంకి. 30 చేరితే స్లీప్ ఏప్నియా తీవ్రమైనదే. రెండో దాంట్లో ఫ్యాటీ లివర్, గ్రేడ్ 2.

"చుక్క కూడా ముట్టను డాక్టరుబాబూ! లివర్‌కేటి వచ్చింది?"

డాక్టరు ఒడియావారు, ఈ ఊళ్లోనే పుట్టి పెరిగారు. జవాబు తెలుగులోనే వస్తోంది. రిపోర్టు వెనక బొమ్మ గీస్తున్నారు. ఆక్సిజన్ పడిపోయిన ప్రతిసారీ ఒంట్లో అలారం మోగుతుంది. ఒంటి కొవ్వు కరిగి రక్తంలోకి దిగుతుంది, ఇన్సులిన్ మాట చెల్లదు, ఆ కొవ్వు కాలేయంలో చేరుతుంది. పడిపోతూ లేస్తూ ఉండే ఆక్సిజన్ దెబ్బకి కణాలు వాస్తాయి. బరువు, షుగరు ఉన్నవారి కాలేయానికి ఇది అదనపు భారం.

ఆ రాత్రే మాస్కు పెట్టారు. సీప్యాప్ మిషను: గాలి ఒత్తిడితో గొంతుని తెరిచి ఉంచుతుంది, అంతే. 1981లో సిడ్నీలో కోలిన్ సలివన్ దీన్ని లోకానికి చూపించారు. మొదట్లో పట్టీ బుగ్గ మీద గాట్లు పెట్టింది, నోరు ఎండింది. తర్వాత ఆయన తెల్లారేదాకా నిద్రపోతున్నారు; కొట్లో గల్లాపెట్టె ముందు కునుకు పోయింది.

మూడు నెలల తర్వాత మళ్లీ స్కానింగ్. అదే గ్రేడ్ 2. బరువూ అదే 92.

"మరి ఇంత డబ్బు పోసి కొన్న మిషనెందుకండీ? తీసేద్దావా?" అంటోందావిడ.

"తీస్తే గొంతు మళ్లీ మూసుకుంటుందమ్మా," అంటున్నారు డాక్టరు. 2021లో హాంకాంగ్ వైద్యులు ప్రకటించిన పరీక్షలో ఆరు నెలలు మిషను పెట్టుకున్నా, దాని వల్ల కాలేయంలో కొవ్వు తగ్గలేదు. కొవ్వు కదిలింది బరువుతో పాటే. బరువు తగ్గితే గొంతూ తేలికపడుతుంది, కాలేయమూ తేలికపడుతుంది. మిషను ఊపిరిని కాస్తుంది గానీ, పొట్టని కరిగించదు.

"ఇంజెక్షన్లొచ్చాయటగా?"

వచ్చాయి. ఊబకాయంతో పాటు ఏప్నియా ఉన్నవారికి టిర్జెపటైడ్ వాడొచ్చని 2024 డిసెంబరులో అమెరికా ఒప్పుకుంది. అదీ బరువు తగ్గించే దారినే పనిచేస్తుంది. ముందు తిండి చూద్దామంటున్నారు డాక్టరు. 92లో పది శాతం, తొమ్మిది కిలోలు. అంత తగ్గితే కాలేయం వాపు కూడా దిగే అవకాశం బాగా ఉంటుంది.

"రేపట్నించి కొట్టుకి పూరీ ఉప్మా పొట్లం బంద్," ఆవిడ తీర్పు.

"ఆదివారమైనా..."

"ఆదివారం సరే, ఉప్మా ఒక్కటే," బేరం కుదిర్చారు డాక్టరు. "మాస్కుకి మాత్రం ఆదివారం కూడా సెలవు లేదు."